ఎస్తేరమ్మ ఇంట్లో సోదా

ఆ బుధవారం ఎస్తేరమ్మ పెట్టుకున్న పనులు ఎక్కువేమీ కావు. బట్టలు ఉతికి ఆరేయాలి. అన్నం వండి మూత పెట్టాలి. చర్చిలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థనకు రాలేనని చెప్పాలి. పక్కింటి తారాబాయితో కలిసి ఆటో ఎక్కి, ఝరాసంగం దాటాక ఒక పల్లెలో ఉన్న సోది అమ్మ దగ్గరికి వెళ్లాలి. చనిపోయిన భర్తతో ఒక్క మాట మాట్లాడాలి. సాయంత్రం నల్లా వచ్చే వేళకు ఇంటికి చేరుకోవాలి.

సోది అమ్మ చేటలో బియ్యం పోసుకుని, చనిపోయిన మనిషి తొడిగిన బట్టను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటుందట. అప్పుడు ఆ మనిషి వచ్చి ఆమె నోటితో మాట్లాడతాడట. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, తారాబాయి స్వయంగా వెళ్లివచ్చింది.

"మా ఆయన వచ్చిండు గదా వదినా! శానాసేపు మాట్లాడిండు. నువ్వంటే నాకు పాణం అన్నడు."

"మంచి మాటనే అన్నడు."

"అన్నడు. బతికినన్ని దినాలు గసుంటి మాట ఒక్కనాడు అనలేదు." తారాబాయి కాసేపు ఆలోచించింది. "సచ్చినంక బుద్ధి వస్తదేమో."

ఎస్తేరమ్మకు అలాంటి మాట అక్కర్లేదు. ఆమెకు కావలసింది సగంలో ఆగిపోయిన మాట.

ఆమె భర్త ఇస్సాకు అల్లం మండీలో హమాలీ. వానాకాలంలో ఒక పొద్దున ఆమె నల్లా దగ్గర బిందెలు నింపుతుంటే, అతను బయటికి వచ్చి చాయ్ గ్లాసు చేతికిచ్చాడు. పొద్దటి చాయ్ ఎప్పుడూ అతనే పెట్టేవాడు. ఇచ్చి, "ఎస్తేరూ, ఒక్క మాట చెప్పాలె," అన్నాడు. వెనక వరుసలో ముసలి మహాదేవమ్మ తన బిందెను ముందుకు తోస్తోంది. "నల్లా బందైతది. ఏదున్నా వచ్చినంక చెప్పు," అంది ఎస్తేరమ్మ, అతని ముఖం వైపైనా చూడకుండా. అతను తలూపి వెళ్లాడు. మధ్యాహ్నం మండీలో బస్తాల మీదికే ఒరిగిపోయాడు. దవాఖానకు చేర్చేసరికే అంతా అయిపోయింది.

ఏం చెప్పబోయాడు? గుండెల్లో నొప్పిగా ఉందనా? మండీలో ఎవరితోనైనా మాట పడ్డాడా? తన మీద ఏదైనా మనస్తాపం పెట్టుకుని, అది చెప్పుకోబోయాడా? వర్షాలు పోయాయి, చలి వచ్చింది, క్రిస్మస్ కూడా వచ్చి వెళ్లింది. ఆ ప్రశ్న మాత్రం ఇంట్లోంచి కదలలేదు. చెవులు మూసుకున్నా ఆమెకు తన గొంతే వినబడేది: వచ్చినంక చెప్పు, వచ్చినంక చెప్పు. ఆ రోజు నుంచి ఆమెకు తీపి గొంతు దిగడం లేదు. చాయ్ చప్పగానే తాగుతోంది. అది దీక్ష అనుకుని పాస్టరమ్మ ప్రార్థనలో అందరి ముందూ మెచ్చుకుంది కూడా. దీక్షా కాదు, ఏమీ కాదు. అటక మీది చక్కెర డబ్బా మూత తీయడానికి ఆమెకు చేతులు రాలేదు, అంతే.

చచ్చినవాళ్లను పిలిపించి మాట్లాడించడం దేవునికి అసహ్యమని ఎస్తేరమ్మకు తెలియక కాదు. చిన్నప్పటి నుంచి విన్నదే. తెలిసే, ఇస్సాకు చొక్కా తీసింది. ఎన్నిసార్లు ఉతికినా అందులో అల్లం వాసన పోలేదు. చొక్కానూ గుప్పెడు బియ్యాన్నీ సంచిలో పెట్టింది. వెళ్లకుండా ఉండలేనని అర్థమైంది. వెళ్తే మళ్లీ మోకరించి దేవుని ముందు ఏ ముఖంతో కళ్లు మూసుకుంటుందో అర్థం కాలేదు. పాస్టరమ్మకు ఫోన్ చేసింది. రేకుల ఇంట్లో సిగ్నల్ ఉండదు కనుక, వీధి మొదట్లో ఉన్న మంజునాథ్ కిరాణా దుకాణం అరుగు దాకా వెళ్లి చేసింది.

కథ అక్కడే చెడింది.

చర్చికి వెళ్లేవాళ్లకు శోధన అంటే మనిషిని పాపం వైపు లాగేది. గల్లీలో నోరు తిరిగేది 'సోదన' అనే. మంజునాథ్ చర్చి మనిషి కాడు. పైగా అతని దుకాణాన్ని ఆనుకునే పిండి గిర్నీ ఉంది. ఆ మోతలో అతనికి వినబడింది ఇది:

"అమ్మా, పొద్దుగాలనే మా ఇంట్ల సోద... వచ్చి కూసున్నది... నన్ను గుంజుకపోయేదాక ఇడిసేటట్టు లేదు... ఎవ్వరికి చెప్పకున్రి అమ్మా... అందరు గలిసి ప్రార్థన చేయున్రి."

మంజునాథ్ చేతిలోని తూకం రాయి కింద పడింది. సోదా! పోలీసు సోదా! తెల్లారేసరికే గల్లీలోకి వచ్చేశారు! అతని దుకాణంలో ఉప్పు బస్తాల వెనక బీదర్ నుంచి వచ్చిన గుట్కా సంచి ఒకటి ఉంది. అది అమ్మకూడదని అతనికీ తెలుసు, కొనేవాళ్లకీ తెలుసు. ఎస్తేరమ్మ సంచి చంకన పెట్టుకుని, తల వంచుకుని తారాబాయితో పెద్ద రోడ్డు వైపు నడిచిపోయింది. 'పాపం, ఆమెనే స్టేషన్‌కు రమ్మన్నట్టున్నరు,' అనుకున్నాడు మంజునాథ్. షట్టర్ సగానికి దించి శంకరప్పకు ఫోన్ చేశాడు.

"శంకరన్నా, సోదా పడ్డది! ఎస్తేరక్క ఇంటికెళ్లి మొదలువెట్టిన్రు!"

శంకరప్ప సరిహద్దు అవతలి నుంచి కర్ణాటక సీసాలు తెచ్చి, తెలిసినవాళ్లకు మాత్రమే ఇచ్చే మనిషి. అతనికి పోలీసులు కనబడలేదు, ఎక్సైజ్ వాళ్లు కనబడ్డారు. ఫోన్ పట్టుకుని గల్లీలో గట్టిగా మాట్లాడుతున్న అతని గొంతు విన్న మహాదేవమ్మకు కరెంటు వాళ్లు కనబడ్డారు. ఆమె చలికాలమంతా స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి నీళ్లు కాచుకుంటోంది. ఎవరి సోదాను వాళ్లే ఊహించుకున్నారు.

"ఇగ యాడ దాస్తంరా?" అన్నాడు శంకరప్ప.

మంజునాథ్‌కు ఆ పూట బుర్ర బాగా పనిచేసింది. "ఎస్తేరక్క ఇంట్లనే అన్నా! ఒక్కపారి సోదా అయిన ఇంట్ల మల్ల ఎవ్వడు చూడడు. అక్క సుత ఇంట్ల లేదు."

తాళంచెవి గడప పక్క చెప్పుల పెట్టె కింద ఉంటుందని గల్లీ అంతటికీ తెలుసు. గుట్కా సంచి మంచం కిందికి వెళ్లింది. సీసాలు బియ్యం డబ్బాలోకి, దుప్పట్ల మడతల్లోకి వెళ్లాయి. మహాదేవమ్మ తన తీగను చుట్టచుట్టి, ఎక్కడ పెట్టాలో తోచక, ఇస్సాకు ఫోటో పక్కన ఉన్న మేకుకు తగిలించింది. తగిలించి, ఫోటో వైపు తిరిగి, "నువ్వేం అనుకోకు బిడ్డా, మాపటికి తీస్కపోత," అని చెప్పి వెళ్లింది.

అక్కడ చర్చిలో పాస్టరమ్మకు కాలు నిలవలేదు. "ఎస్తేరమ్మ గొంతు మంచిగ లేదు. మనం ఈడ కూసోని ప్రార్థన చేసుడు కాదు, ఇంటికే పోదాం," అంది. తెల్లచీరల ఆడవాళ్లు అరడజను మంది గల్లీలోకి వచ్చారు. తలుపు తీసే ఉంది. లోపల చాప పరుద్దామని ఒకామె దుప్పటి లాగితే, అందులోంచి సీసా ఒకటి పాస్టరమ్మ పాదాల దాకా దొర్లుకుంటూ వచ్చింది.

ఇంకొకామె మంచం కిందికి వంగి చూసింది.

"అమ్మా! గుట్కా సుత!"

"బస్తెడున్నది!"

"ఒక్కతే ఉంటది గద. ఎంత దుఃఖం వెట్టుకున్నదో," అని పాస్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చక్కర లేని చాయ్ తాగుతదని మెచ్చుకుంటిమి. తాగేది ఇది!"

అప్పుడే ఒకామె గోడ వైపు చూపించింది. ఫోటో, ఫోటో పక్కన మేకు, మేకుకు చుట్టచుట్టిన తీగ. దానికి ఒక కొసన కొక్కెం కూడా ఉంది. ఒకామె చేయి తన మెడ మీదికి పోయింది. పాస్టరమ్మ ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం వీధిలోకి పరిగెత్తింది.

ఎస్తేరమ్మ అప్పటికి ఆటోలో కూర్చుని ఉంది. "ఝరాసంగం, ఝరాసంగం! ఒక్క మనిషే తక్కువ!" అని డ్రైవర్ అరుస్తున్నాడు. ఆ ఒక్క మనిషి వస్తే ఆటో కదులుతుంది. ఎవరూ రాకూడదని ఆమె సగం మనసుతో ప్రార్థిస్తోంది. మిగతా సగం మనసు ఒళ్లోని సంచిని గట్టిగా పట్టుకుని ఉంది. సంచిలోంచి అల్లం వాసన వస్తోంది. కూరగాయల గంప నెత్తిన పెట్టుకున్న ఒక మనిషి ఆటో వైపు రానే వస్తున్నాడు. ఫోన్ మోగింది.

"ఎస్తేరమ్మా! ఏడున్నవు బిడ్డా?"

"ఆటోల ఉన్ననమ్మా."

"పోవద్దు! ఆయన దగ్గరికి పోవాల్నని చూస్తున్నవు, మాకు తెలిసిపోయింది!"

ఎస్తేరమ్మ సంచిని కొంగు కింద దాచింది. "మీకెవరు చెప్పిన్రమ్మా?"

"ఒకరు చెప్పాల్నా? నీ ఇంట్ల నిలవడి అంతా కండ్లార చూసినం. ఆయన దగ్గరికి పోతే దేవుడు క్షమించడు బిడ్డా! దిగు! ఏడున్నదాన్నివి ఆడనే దిగు!"

సోది మాట తనకూ తారాబాయికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇక చెప్పింది ఎవరు? పైనుంచి దేవుడే చూపించి ఉండాలి. ఎస్తేరమ్మ ఆటో దిగింది. అది విశ్వాసమని తర్వాత చర్చిలో చాలామంది అన్నారు. నిజానికి అది దొరికిపోయిన మనిషి సిగ్గు. వెనకే తారాబాయీ దిగింది. కూరగాయల మనిషి ఎక్కాడు, ఇంకో ఇద్దరు ఎక్కారు, ఆటో వెళ్లిపోయింది. ఆటో వెళ్లిన వైపే చూస్తూ ఆమె రోడ్డు పక్కన నిలబడి ఏడ్చింది. ఇక ఆ మాట ఎన్నటికీ తెలియదు.

"ఊకో వదినా. ఆటో ఇంకొకటి వస్తది," అంది తారాబాయి, ఏమనాలో తెలియక.

గల్లీకి వచ్చేసరికి ఇంటి ముందు జాతరలా ఉంది. తెల్లచీరల ఏడుపు విని పక్క గల్లీల వాళ్లు కూడా వచ్చారు. అటుగా మోటార్ సైకిల్ మీద వెళ్తున్న కానిస్టేబుల్ వికాస్ బండి ఆపాడు.

"ఏమైందిక్కడ?"

"సోదా అయితున్నది సార్," అన్నారెవరో.

"ఎవరు చేస్తున్నరు?"

"మీరే గద సార్."

వికాస్ తన యూనిఫాం వైపు ఒకసారి చూసుకున్నాడు. "మాకే తెల్వకుంట మేమెట్ల చేస్తం?" అంటూ లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఒక చేతిలో గుట్కా సంచి, ఇంకో చేతిలో రెండు సీసాలు పట్టుకుని వచ్చాడు. ఎస్తేరమ్మ సరిగ్గా అప్పుడే గుమ్మం ముందుకు చేరింది. పాస్టరమ్మ ఆమెను గట్టిగా పట్టుకుని, "బతికే ఉన్నవు బిడ్డా!" అని భోరుమంది.

"గీ ఇల్లు నీదేనా అమ్మా?" అన్నాడు వికాస్.

"నాదే సార్."

"గీ సామాన్?"

ఎస్తేరమ్మ సంచి వైపు చూసింది, సీసాల వైపు చూసింది. తర్వాత గల్లీ వైపు చూసింది. మంజునాథ్ సగం దించిన షట్టర్ వెనక నిలబడి ఉన్నాడు, మోకాళ్లు మాత్రం కనబడుతున్నాయి. శంకరప్ప ఆకాశంలో దేనికోసమో వెతుకుతున్నాడు. మహాదేవమ్మ అప్పటికే తిట్లు మొదలుపెట్టింది, కరెంటు వాళ్లను.

"నాకు తెల్వదు సార్."

"తెల్వకుంట నీ ఇంట్లకు ఎట్లొచ్చినయి? పొద్దుగాల సోదా అయిందన్నది నువ్వేనట గద. సోదా అయితదని ముందుగాల నీకెట్ల తెలిసింది? నడువు, స్టేషన్ల మాట్లాడుదాం."

"సోదా కాదు సార్, శోధన!" అంది పాస్టరమ్మ.

"అదే గదమ్మా నేనంటున్నది."

పాస్టరమ్మ ఆ మాటకు అర్థం చెప్పబోయింది. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయి, ఎస్తేరమ్మ వైపు తిరిగింది. "ఇంతకు నీకొచ్చిన శోధన ఏంది బిడ్డా? తాగుడు కాకపోతే, గా తీగ కాకపోతే?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. ఏదో జ్వరమనో, మనసు బాగాలేదనో అంటే ఆడవాళ్లు నమ్ముతారు. ఎస్తేరమ్మ చంకలోని సంచి తీసి, అందులోంచి చొక్కా బయటికి తీసింది. గుప్పెడు బియ్యం నేల మీద రాలాయి.

"నేను సోది అమ్మ కాడికి పోతున్ననమ్మా. గీయనతోని మాట్లాడనీకె. ఆటోల కూసున్న సుత. మీరు ఫోన్ చెయ్యకుంటె పోయేదాన్నే." ఆమె చొక్కాను చేతికి చుట్టుకుంది. "ఆ దినం ఆయన ఒక మాట చెప్పాలె అన్నడు. నేను వచ్చినంక చెప్పు అన్న. ఆయన మల్ల రాలే. గా మాటేందో ఇనాల్నని నా పాణం కొట్టుకుంటున్నది. ఇంతే నా శోధన."

ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపారు. వికాస్ సంచిని నెమ్మదిగా కింద పెట్టాడు. సోది మాట వినగానే మందలించాలని నోరు తెరిచిన పాస్టరమ్మ, చొక్కా వైపు చూసి నోరు మూసుకుంది.

షట్టర్ పైకి లేచిన చప్పుడైంది. మంజునాథ్ తల వంచుకుని వచ్చి నిలబడ్డాడు.

"సార్, గా సంచి నాది. సీసాలెవరియో నేను చెప్పను."

"నావే," అన్నాడు శంకరప్ప, ఇంకా ఆకాశం వైపే చూస్తూ.

మంజునాథ్ ఎస్తేరమ్మ వైపు తిరిగాడు. "అక్కా, అన్న చెప్పాలె అన్న మాట... అది నాకు తెలుసు."

ఎస్తేరమ్మ తల ఎత్తింది.

"ఆ పొద్దు మండీకి పోంగ నా దుకాణం కాడ ఆగిండు. ఇంట్ల చక్కర అయిపోయింది, చెప్దామంటె ఎస్తేరు నీళ్ల కాడ ఉన్నది, ఇంటలేదు అని నవ్విండు. ఉన్న చక్కరంత ఆమె గిలాసలనే ఏసిన, నేను చప్పటి చాయ్ తాగిన అన్నడు. పొట్లం కట్టి వెట్టు, మర్లి వచ్చేటప్పుడు తీస్కపోత అన్నడు."

ఎస్తేరమ్మ చొక్కాను గుండెకు అదుముకుంది. "చక్కరనా?"

"చక్కరనే అక్కా."

"ఇంకేమన్లేదా?"

"ఇంకేమన్లే. జల్ది పోవాలె, లారీ వచ్చిందన్నడు."

"మరి ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలేదు?"

"చావైన ఇంటికి చక్కర పంపుతరా అక్కా? తీపి పంపితే తప్పు పడతరని ఆపిన. తర్వాత నువ్వు అన్ని కొన్నవు గాని చక్కర అడగలే. పొట్లం పైన అరలనే వెట్టిన. వేరేటోళ్లకు అమ్మబుద్ధి కాలే."

ఎస్తేరమ్మ నవ్వింది. ఆమె నవ్వడం చూసి గల్లీకి భయం వేసింది. నవ్వుతూనే గుమ్మంలో కూలబడి, చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ రోజు తను తాగిన చాయ్ తియ్యగా ఉంది. ఆ సంగతి ఆమె ఇన్నాళ్లూ మరిచిపోయింది. బిందెలు మోసే తొందరలో రెండు గుక్కల్లో తాగేసి, గ్లాసు అక్కడే అరుగు మీద పెట్టింది. అతను చప్పటిది తాగి, బస్తాలు ఎత్తడానికి వెళ్లాడు.

వికాస్ సంచీ సీసాలూ బండికి కట్టుకుని, మంజునాథ్‌నూ శంకరప్పనూ సాయంత్రం స్టేషన్‌కు రమ్మన్నాడు. తీగను చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇది మా డిపార్ట్‌మెంట్ కాదు," అని, అది తనదేనన్న మహాదేవమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. పాస్టరమ్మ ప్రార్థన చేసింది. ఎప్పటికంటే చిన్న ప్రార్థన. దేవుడు ఎస్తేరమ్మకు శోధన మీద జయమిచ్చాడని స్తుతించబోతే, "జయం గాదమ్మా, ఆటో నిండలే," అంది ఎస్తేరమ్మ. పాస్టరమ్మ ఆ వాక్యం మధ్యలోనే ఆమేన్ అంది.

అందరూ వెళ్లాక తారాబాయి మాత్రం ఉండిపోయింది. ఎస్తేరమ్మ అటక మీది డబ్బా దించి మూత తీసింది. అడుగున చక్కెర పలుకు ఒక్కటి కూడా లేదు. చెంచాతో గీకిన గీతలు ఉన్నాయి. మంజునాథ్ పంపిన పొట్లం తేమకు గడ్డకట్టి రాయిలా ఉంది. అల్లం దంచే రోకలితోనే దాన్ని పగలగొట్టి, చాయ్ పెట్టింది.

తారాబాయి గ్లాసు పట్టుకుని చాలాసేపు చాయ్ వైపే చూసింది. "వదినా, నాకొకటి అనిపిస్తున్నది. నా కాడికి వచ్చింది మా ఆయన కాదు."

"అట్లెందుకంటవు?"

"మా ఆయనైతే చక్కర అసుంటి ముచ్చటనే చెప్పేటోడు."

ఎస్తేరమ్మ చొక్కా మడత పెట్టి పెట్టెలో పెట్టింది. "పాపం, ఆ సోది అమ్మకు మన మొగోళ్లెట్ల తెలుస్తరు?"

"నువ్వు ఆయనకేమన్న చెప్పాల్నని ఉన్నదా మరి?"

"ఉన్నది," అంది ఎస్తేరమ్మ. "నేను పోయినంక చెప్త."

చాయ్‌లో చక్కెర బాగా ఎక్కువైంది. ఇద్దరూ ఆ మాట అనలేదు.